బేలు మీద లేని పేరు

చిలకలూరిపేట, గణపవరం చుట్టూ ఉన్న జిన్నింగు మిల్లుల్లో నొక్కి కట్టిన పత్తి బేలు సుమారు 170 కిలోలు తూగుతుంది. దాని మీద మిల్లు గుర్తు, లాటు నంబరు, బరువు ఉంటాయి. పింజ పొడవెంత, తేమ ఎంత అని అడిగితే కాగితం చూపిస్తారు. ఆ పత్తి తీసిన చేతులెవరివి, ఆ చేతులకు ఎంత ముట్టింది, వాళ్ళు ముందే అడ్వాన్సు తీసుకుని వచ్చారా, ఇష్టం లేకపోతే మధ్యలో మానేసి పోగలరా అన్నది మాత్రం ఏ కాగితం మీదా ఉండదు. అడిగే అలవాటూ లేదు.

2020 నుంచి ప్రపంచ బట్టల వ్యాపారం తలపట్టుకున్నది సరిగ్గా ఈ ప్రశ్న దగ్గరే. చైనా పడమటి కొసన ఉన్న షింజియాంగ్‌లో ఉయ్ఘర్ ముస్లింల చేత బలవంతంగా తీయించిన పత్తి ఎన్ని చొక్కాల్లో ఉంది, దానికి జవాబుదారీ ఎవరు అన్న వాదన అమెరికా కస్టమ్స్ గోదాముల నుంచి జెనీవా సభల దాకా నడిచింది. అది ఎక్కడో జరిగిన కథ అని పల్నాడు వాళ్ళం పక్కన పెట్టలేం. మన నల్లరేగడిలో పెరిగేదీ పత్తే. పైగా ఈ ప్రశ్నను తెలుగు నేల ఉయ్ఘర్ల కంటే ఇరవై ఏళ్ళ ముందే ఎదుర్కొంది. రెండు కథలనూ పక్కపక్కన పెట్టి చూస్తే, వ్యాపారం ఎప్పుడు నిజంగా కదులుతుందో, ఎప్పుడు కదిలినట్టు నటిస్తుందో తేటపడుతుంది.

పత్తి చేల వెనుక ప్రభుత్వం

షింజియాంగ్‌లో ఉయ్ఘర్లు కోటికి పైగా ఉన్నారు. చైనాలో పండే పత్తిలో 85 శాతానికి పైగా అక్కడిదే. ప్రపంచ పత్తిలో చూసుకుంటే దాదాపు అయిదో వంతు. 2017 నుంచి అక్కడ పెద్ద ఎత్తున నిర్బంధ శిబిరాలు వెలిశాయి. పది లక్షల మంది దాకా వాటిలో మగ్గారని పరిశోధకుల అంచనా. చైనా వాటిని వృత్తి శిక్షణ కేంద్రాలంది. తీవ్రవాదాన్ని అరికట్టడానికే పెట్టామంది.

శిబిరాలకు తోడుగా నడిచింది ‘మిగులు కూలీల బదిలీ’ పథకం. దీన్ని పేదరిక నిర్మూలన ఖాతాలో రాశారు. అధికారులు ఊళ్ళ మీదికి వచ్చి ఇంటింటికీ లెక్క కట్టి మనుషుల్ని ఫ్యాక్టరీలకూ పత్తి చేలకూ పంపారు. రానని చెప్పడమే తీవ్రవాద లక్షణంగా చూసే చోట ‘ఇష్టపడి వచ్చాడు’ అన్న మాటకు విలువేముంది? 2020 మార్చిలో ఆస్ట్రేలియన్ స్ట్రాటజిక్ పాలసీ ఇన్‌స్టిట్యూట్ ఒక నివేదిక వెలువరించింది. 2017-19 మధ్య 80 వేల మందికి పైగా ఉయ్ఘర్లను షింజియాంగ్ బయటి ఫ్యాక్టరీలకు తరలించారనీ, ఆ ఫ్యాక్టరీల సరఫరా గొలుసులో 82 పేరున్న బ్రాండ్లు ఉన్నాయనీ అది చెప్పింది. అదే ఏడాది డిసెంబరులో పరిశోధకుడు ఏడ్రియన్ జెంజ్ చైనా ప్రభుత్వ పత్రాలనే ఆధారం చేసుకుని, మూడు ప్రాంతాల నుంచే కనీసం అయిదు లక్షల మందిని పత్తి తీతకు పంపారని లెక్క తేల్చాడు. 2022 ఆగస్టు 31న ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం తన నివేదికలో, అక్కడ జరిగినవి మానవత్వంపై నేరాలు కావచ్చని రాసింది. ఈ ఆరోపణలన్నిటినీ చైనా కొట్టిపారేస్తూనే ఉంది.

ఇక్కడ ఒక తేడా గుర్తు పెట్టుకోవాలి. ప్రపంచంలో వెట్టి ఎక్కువగా ప్రైవేటు చేతుల్లో నడుస్తుంది. భూస్వామో, బట్టీ యజమానో, మేస్త్రీయో దాని వెనుక ఉంటాడు. ప్రభుత్వం ఎంత అసమర్థమైనదైనా కాగితం మీదైనా కూలీ పక్షాన నిలబడుతుంది. షింజియాంగ్‌లో కంచే చేను మేసింది. అడిగేవాడూ ఆపేవాడూ చేయించేవాడూ ఒక్కడే అయినప్పుడు ఫిర్యాదు ఎవరికి చేయాలి?

కంపెనీలు తొక్కిన దారులు

మొదటి దారి ఆడిట్. ఏ ఆరోపణ వచ్చినా పెద్ద కంపెనీలు ఆడిటర్లను పంపి, ‘అంతా సవ్యం’ అన్న కాగితం తెప్పించుకోవడం రివాజు. ఇక్కడ అదే చెల్లకుండా పోయింది. పక్కన అధికారి నిలబడి ఉండగా కూలీ నోరు విప్పి నిజం చెప్పడు. చెబితే తన ఇంటివాళ్ళకు ఏమవుతుందో అతనికి తెలుసు. 2020 సెప్టెంబరులో అయిదు అంతర్జాతీయ ఆడిట్ సంస్థలు షింజియాంగ్‌లో ఇక పని చేయలేమని చేతులెత్తేశాయి. మొత్తం వ్యవహారంలో నిజాయతీగా వచ్చిన మొదటి ఒప్పుకోలు ఇదేనేమో. తమ సరుకు పనికిరాదని తామే ఒప్పుకోవడం ఏ వ్యాపారంలోనూ తరచుగా జరగదు.

రెండో దారి తప్పుకోవడం. మంచి పద్ధతుల్లో పండిన పత్తికి ధ్రువపత్రం ఇచ్చే బెటర్ కాటన్ సంస్థ 2020లోనే షింజియాంగ్ నుంచి బయటికి వచ్చింది. అక్కడి పత్తి వాడబోమని హెచ్ అండ్ ఎమ్, నైకీ, బర్బరీ వంటి కంపెనీలు ప్రకటించాయి. ఆ మాటకు మూల్యం చెల్లించవలసి వచ్చింది. 2021 మార్చిలో చైనాలో బహిష్కరణ పిలుపులు హోరెత్తాయి. హెచ్ అండ్ ఎమ్ పేరు అక్కడి ఆన్‌లైన్ అంగళ్ళలోనే కాదు, ఫోన్ మ్యాపుల్లోనూ మాయమైంది. అదే ఏడాది జూన్‌లో చైనా విదేశీ ఆంక్షలకు ఎదురుదెబ్బగా ఒక చట్టం చేసింది. అప్పటి నుంచి కంపెనీలది అడకత్తెరలో పోకచెక్క బతుకు. అమెరికా చట్టం పాటిస్తే చైనా శిక్షిస్తుంది, చైనా మాట వింటే అమెరికా సరుకు ఆపుతుంది. 2025 తొలినాళ్ళలో కాల్విన్ క్లైన్ బ్రాండు సొంతదారు పీవీహెచ్‌ను చైనా తన ‘నమ్మదగని సంస్థల’ జాబితాలో చేర్చింది.

మూడో దారి రెండు నాల్కల ధోరణి. 2021 మార్చిలోనే జర్మనీకి చెందిన హ్యూగో బాస్ పేరు మీద చైనా సామాజిక మాధ్యమంలో, షింజియాంగ్ పత్తి కొంటూనే ఉంటామన్న ప్రకటన వచ్చింది. బయటి ప్రపంచానికి అదే కంపెనీ చెప్పిన మాట వేరు. కొందరు తమ వెబ్‌సైట్ల నుంచి పాత ప్రకటనలను చప్పుడు చేయకుండా తీసేశారు. ఫోక్స్‌వాగన్ ఏళ్ళ తరబడి ఉరుమ్‌చీ ప్లాంటును సమర్థించుకుని, చివరికి 2024 నవంబరులో అమ్మేసింది.

నాలుగోది కంపెనీలు ఎంచుకున్న దారి కాదు, వాటి మీదికి వచ్చి పడినది. అదే చట్టం. 2021 జనవరిలో అమెరికా షింజియాంగ్ పత్తి, టమాటా ఉత్పత్తుల దిగుమతిని ఆపింది. 2021 డిసెంబరు 23న ఉయ్ఘర్ నిర్బంధ శ్రమ నివారణ చట్టం మీద సంతకం పడింది, 2022 జూన్ 21న అమలులోకి వచ్చింది. దీని బలమంతా ఒక్క వాక్యంలో ఉంది. షింజియాంగ్‌లో తయారైన ఏ సరుకైనా, కొంత భాగమే అక్కడిదైనా సరే, నిర్బంధ శ్రమతో చేసిందనే అనుకుంటారు. కాదని గట్టి సాక్ష్యంతో రుజువు చేసుకోవలసింది దిగుమతిదారే. తెలియదన్న సాకు అంతకుముందు కంపెనీకి కవచంగా పనికొచ్చేది. ఈ చట్టం కింద ఆ సాకు చెల్లదు. 2025 మొదటికి ఆ చట్టం కింది నిషేధ జాబితాలో 140కి పైగా సంస్థలు చేరాయి.

యూరప్ 2024లో ఇలాంటి చట్టం చేసింది. అది 2027 డిసెంబరు నుంచి అమలవుతుంది. ఏ ఒక్క దేశాన్నీ పేరెత్తి చెప్పదు కాబట్టి రేపు మన సరుకుకూ వర్తిస్తుంది. అయితే అక్కడ రుజువు భారం దిగుమతిదారు మీద కాక అధికారుల మీద ఉంటుంది. ఆ ఒక్క తేడాతో చట్టం పదును ఎంత తగ్గుతుందో ముందు ముందు చూడాలి.

పదునైన చట్టానికీ చిల్లులుంటాయి. షింజియాంగ్ పత్తి చైనాలో నూలుగా, బట్టగా మారి వియత్నాం, బంగ్లాదేశ్, ఇండోనేసియా, భారత్ వంటి దేశాల కుట్టు ఫ్యాక్టరీల మీదుగా అమెరికా అంగళ్ళకు చేరుతోందని బ్రిటన్‌లోని షెఫీల్డ్ హాలమ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2021లో చూపించారు. నూలు రంగు చూసి అది ఏ చేలోదో చెప్పగలవాడెవడు? సోలార్ పలకలదీ అదే కథ. వాటికి కావలసిన పాలీసిలికాన్‌లో 2020 నాటికి దాదాపు 45 శాతం షింజియాంగ్‌దే. మన మేడల మీద బిగించుకుంటున్న పలకలకూ ముడిసరుకు ఎక్కువగా చైనా నుంచే వస్తోంది.

ప్రభుత్వాల సంగతి చూస్తే, 2022 అక్టోబరు 6న ఐరాస మానవ హక్కుల మండలిలో షింజియాంగ్ మీద కేవలం చర్చ జరపాలన్న తీర్మానానికి 17 ఓట్లు పడ్డాయి. వద్దన్నవి 19. తటస్థంగా ఉన్న 11 దేశాల్లో భారత్ ఒకటి.

నంద్యాల, గద్వాల పాఠం

పల్నాడు రైతు వేసే పత్తి హైబ్రిడ్. ప్రపంచంలో మొట్టమొదటి వాణిజ్య హైబ్రిడ్ పత్తి మన దేశంలోనే, 1970లో సూరత్‌లో సి.టి. పటేల్ చేతుల మీదుగా వచ్చింది. ఈ విత్తనం దానంతట అది రాదు. సాయంత్రం పూట ఆడ మొక్క మొగ్గ విప్పి, కేసరాలను గోటితో వలిచి తీసేయాలి. మర్నాడు పొద్దున్నే మగ పువ్వు తెచ్చి దాని పుప్పొడి అద్దాలి. పువ్వు పువ్వుకీ, రోజు రోజుకీ, రెండు మూడు నెలల పాటు ఇదే పని. చేలల్లో దీన్ని క్రాసింగ్ అంటారు. 1990ల్లో ఈ సీడు పత్తి కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో, ముఖ్యంగా నంద్యాల, గద్వాల వైపు ఊపందుకుంది.

ఆ మొగ్గలు వలిచింది ఎక్కువగా పద్నాలుగేళ్ళ లోపు ఆడపిల్లలు. వేళ్ళు సన్నగా ఉంటాయని, వంగితే నడుము నొప్పి అనరని, ఎదురు చెప్పరని, అన్నిటికీ మించి పెద్దవాళ్ళ కంటే తక్కువ కూలికి వస్తారని. సీజన్‌కు ముందే తల్లిదండ్రుల చేతిలో అడ్వాన్సు పడేది. అది తీరేదాకా పిల్ల ఆ చేను విడిచి వెళ్ళడానికి లేదు. దావులూరి వెంకటేశ్వర్లు, లూసియా డ కోర్టా 2001లో ఒక అంతర్జాతీయ పత్రికలో దీని మీద రాసినప్పుడు శీర్షికలోనే ఈ పిల్లలను స్వేచ్ఛ లేని శ్రామికులన్నారు. అంటే మామూలు బాల కార్మికులనడంతో ఆగలేదు, వెట్టికి దగ్గరి మాట వాడారు.

2003లో వెంకటేశ్వర్లు రాసిన మరో నివేదికను నెదర్లాండ్స్‌లోని ఇండియా కమిటీ ప్రచురించింది. విత్తనం పండించేది చిన్న రైతు, అతనికి పని అప్పగించేది సీడ్ ఆర్గనైజర్, ఆర్గనైజర్ వెనుక ఉన్నది కంపెనీ. అలాంటి కంపెనీల్లో మోన్‌శాంటో, సింజెంటా, బేయర్, యూనిలీవర్‌లతో సంబంధం ఉన్నవీ ఉన్నాయని అది వెలికితీసింది. కంపెనీల మొదటి జవాబు అందరికీ తెలిసిందే: ‘పిల్లల్ని మేం పెట్టుకోలేదు, రైతు పెట్టుకున్నాడు.’ షింజియాంగ్ పత్తి గురించి బ్రాండ్లు తర్వాత చెప్పినదీ అచ్చంగా ఇదే. పొలం మాది కాదు, ఫ్యాక్టరీ మాది కాదు, మేం కొనేవాళ్ళం మాత్రమే.

అయితే ఇక్కడ కథ ముందుకు కదిలింది. దానికి కారణాలు చూడాలి. మొదటిది, చేను తెరిచి ఉంది. పరిశోధకుడు వెళ్ళి కూలీతో మాట్లాడగలిగాడు. 2003లోనే మెగసెసే పురస్కారం అందుకున్న శాంతా సిన్హా నడిపిన ఎం.వి. ఫౌండేషన్ ఊళ్ళలో ఉండి, పిల్లల్ని చేల నుంచి బడికి తేవడానికి పని చేసింది. చట్టం, పత్రికలు, పంచాయతీ అన్నీ ఎంతో కొంత వాళ్ళ వైపు నిలిచాయి. రెండోది, బయటి ఒత్తిడి కంపెనీ సొంతూరిలోనే పుట్టింది. 2004లో బేయర్ మీద జర్మనీలోనే స్వచ్ఛంద సంస్థలు ఫిర్యాదు దాఖలు చేశాయి. మూడోది అన్నిటికంటే ముఖ్యం. ప్రశ్న ధర దగ్గరికి వచ్చింది.

2005లో వచ్చిన ‘ది ప్రైస్ ఆఫ్ చైల్డ్‌హుడ్’ అనే నివేదిక ఆ ధర సంగతే తేల్చింది. కంపెనీలు విత్తనానికి ఇచ్చే రేటుతో పెద్దవాళ్ళను పెట్టుకుంటే రైతుకు గిట్టదు. అంటే పిల్లల కూలి తక్కువ కావడం రైతు పిసినారితనం ఒక్కటే కాదు, కంపెనీ కొనుగోలు ధరలోనే ఆ తక్కువ దాగి ఉంది. అదే 2005లో పల్నాడు రైతు జన్యువు మార్చిన బీటీ విత్తనం ప్యాకెట్టుకు 1,600 రూపాయల పైన పెట్టేవాడు. 450 గ్రాముల ఆ ప్యాకెట్టు ధరలో 1,250 రూపాయలు జన్యువు హక్కుదారుకు పోయే రాయల్టీ. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పోరాడి 2006లో ఆ ప్యాకెట్టు ధరను 750కి దించింది. ఇక్కడ మాచర్ల రైతు విత్తనం కొనలేక అప్పు చేస్తుంటే, అక్కడ నంద్యాల పిల్ల ఆ విత్తనం చేయడానికి అప్పులో చిక్కుకుంది. నడుమ ఉన్నవాడి లెక్క మాత్రం చక్కగా కుదిరింది.

ఒత్తిడి పెరిగాక 2005 నుంచి బేయర్ పద్ధతి మార్చింది. పిల్లల్ని పెట్టుకోని రైతుకు కొనుగోలు ధర మీద అదనంగా 5 శాతం ఇచ్చింది. దిగుబడి పెంచే శిక్షణ ఇచ్చింది, సీజన్‌లో పదేపదే చేలు తనిఖీ చేసింది, మాట తప్పిన రైతుకు ఒప్పందం రద్దు చేసింది. ఆ కంపెనీ చేలల్లో పిల్లల సంఖ్య గట్టిగానే తగ్గింది. వెట్టి పోవడానికి ప్రకటనల కంటే రేటు ఎక్కువ పని చేస్తుందని తెలుగు నేల అప్పుడే రుజువు చేసింది.

కథ అక్కడితో సుఖాంతం కాలేదు. పెద్ద కంపెనీల చేలల్లో తగ్గిన పిల్లలు, ఎవరి కంటా పడని చిన్న కంపెనీల చేలల్లో, వేరే రాష్ట్రాల గిరిజన గ్రామాల్లో తేలారు. కూలి పిల్లల స్థానంలో సొంత పిల్లలు వచ్చారు. 2015లో వచ్చిన మరో నివేదిక దేశం మొత్తం మీద సీడు పత్తిలో దాదాపు అయిదు లక్షల మంది పిల్లలు ఉన్నారనీ, వారిలో రెండు లక్షల మంది పద్నాలుగేళ్ళ లోపు వారనీ చెప్పింది. ఆ మరుసటేడు సవరించిన బాల కార్మిక చట్టం పద్నాలుగేళ్ళ లోపు పిల్లల పనిని అంతటా నిషేధిస్తూనే, బడి వేళల తర్వాత కుటుంబ వృత్తిలో సాయపడవచ్చంటూ ఒక తలుపు తెరిచి ఉంచింది. అమెరికా కార్మిక శాఖ ప్రకటించే నిర్బంధ శ్రమ సరుకుల జాబితాలో భారత్ పేరు పక్కన హైబ్రిడ్ పత్తి విత్తనం చాలాకాలంగా ఉంది. ఇటుకలూ రాళ్ళూ అదే జాబితాలో ఉన్నాయి.

నిర్బంధం అంటే ఏమిటి?

వాదన తరచుగా ఆగిపోయేది ఇక్కడే. తుపాకీ లేదు, ముళ్ళకంచె లేదు, మరి నిర్బంధం ఎలా అవుతుంది? అంతర్జాతీయ కార్మిక సంస్థ 1930 ఒడంబడిక దీన్ని శిక్ష భయంతో, తన ఇష్టం లేకుండా చేసే పని అంది. మన రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిని నిషేధించింది. 1976లో వెట్టిచాకిరి నిర్మూలన చట్టం వచ్చింది. 1982లో ఢిల్లీ ఆసియా క్రీడల నిర్మాణ కూలీల కేసులో జస్టిస్ పి.ఎన్. భగవతి ఇంకో అడుగు ముందుకు వేశారు. కనీస వేతనం కంటే తక్కువకు మనిషి పని చేస్తున్నాడంటే, అతన్ని ఆకలి నిర్బంధిస్తోందనే అర్థమనీ, అదీ నిర్బంధ శ్రమేననీ సుప్రీం కోర్టు తీర్పు ఇచ్చింది.

ఈ కొలబద్ద షింజియాంగ్ మీద పెట్టినంత సులువుగా మన మీద పెట్టుకోం. జనవరి వస్తే ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు నుంచి కుటుంబాలు సుగ్గికి, అంటే సీజన్ కూలి పనులకు, బయలుదేరతాయి. లారీల్లో, బస్సుల్లో గుంటూరు, పల్నాడు మిరప చేలకు వస్తాయి. పత్తి ఆఖరి తీతలు, మిరప కోతలు అయ్యేదాకా చేల గట్టున గుడిసెల్లో కాపురం. పిల్లల్లో కొందరు ఊళ్ళోని సీజనల్ హాస్టళ్ళలో ఉంటారు. కొందరు తల్లుల వెంట వచ్చి బడి మానేస్తారు. మేస్త్రీ ద్వారా అందిన అడ్వాన్సుకు లెక్క సాధారణంగా నోటి మాటే. తెలుగు రాష్ట్రాల ఇటుక బట్టీలకు ఒడిశా నుంచి వచ్చే కుటుంబాలదీ ఇదే బాట. ఈ కూలీలందరూ వెట్టివాళ్ళనడం అన్యాయం. చాలామంది కూలి ఎక్కువ వస్తుందనే ఇష్టపడి వస్తారు, మిగిల్చుకుని వెళతారు. కానీ ఏ కూలీ ఇష్టంతో ఉన్నాడో, ఏ కూలీ బాకీతో ఉన్నాడో చెప్పగలిగే కాగితం మన దగ్గరా లేదు. అదే సమస్య.

ఈ నేలకు బలవంతం కొత్త మాట కాదు. అడవిలో పశువులు మేపుకున్నందుకు పుల్లరి కట్టమన్న బ్రిటిష్ సర్కారుకు కట్టనని చెప్పిన కన్నెగంటి హనుమంతు 1922లో తూటాలకు బలయ్యాడు. కాదన్నవాడికి శిక్ష పడితే అది బలవంతమేనని పల్నాడుకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

తేలిందేమిటి?

ఈ మొత్తం అనుభవంలో మూడో ఉదాహరణ ఉజ్బెకిస్తాన్. అక్కడా ప్రభుత్వమే విద్యార్థుల్ని, టీచర్లను, డాక్టర్లను పత్తి తీతకు తోలేది. మూడు వందలకు పైగా బ్రాండ్లు ఆ పత్తి వాడబోమని మాట ఇచ్చి, ఏళ్ళ తరబడి నిలబెట్టుకున్నాయి. పాలకుడు మారాడు, అంతర్జాతీయ పరిశీలకులకు చేలు తెరుచుకున్నాయి, వ్యవస్థీకృతమైన బలవంతం ఆగింది. 2022 మార్చిలో బహిష్కరణ ఎత్తేశారు.

మూడు కథలనూ కలిపి చూస్తే నాకు తోచిన తీర్పు ఇది. చేను తెరిచి ఉన్న చోట కంపెనీ ఉండి, రేటు పెంచి, తనిఖీ చేసి మార్చవచ్చు. అక్కడి నుంచి పారిపోవడం పేద రైతు నెత్తిన బండ వేయడమే. నంద్యాల, గద్వాల చెప్పింది ఇదే. చేను మూసేసి, గేటు దగ్గర ప్రభుత్వమే కాపలా ఉన్న చోట ఆడిట్ బూటకం. అక్కడ తప్పుకోవడమే మర్యాద, అదీ అందరూ కలిసి తప్పుకుంటేనే ఫలితం. ఉజ్బెకిస్తాన్ చెప్పింది ఇదే. చైనా వంటి బలమైన ప్రభుత్వం ముందు స్వచ్ఛంద ప్రతిజ్ఞలు నిలవవు. రుజువు భారాన్ని కొనేవాడి మీద వేసిన చట్టమే కంపెనీలను కదిలించింది. ఉయ్ఘర్ల మెడ మీద కత్తి ఇంకా తొలగలేదు. ఆ కత్తితో లాభం తీసుకోవడం మాత్రం కష్టమైంది.

షింజియాంగ్ పత్తికి తలుపులు మూసుకుంటున్నాయంటే మన పత్తికీ నూలుకూ గిరాకీ పెరుగుతుందని మిల్లుల వాళ్ళు ఆశపడటం సహజం. కేంద్రం కస్తూరి కాటన్ పేరుతో మన పత్తికి బ్రాండు వేసి, చేను నుంచి బట్ట దాకా ఆనవాలు చూపే ఏర్పాటు చేస్తోంది. ఆ ఆనవాలులో పింజ పొడవుతో పాటు కూలీ కూడా ఉండాలి. లేకపోతే రేపు యూరప్ చట్టం అడిగే ప్రశ్నకు మన దగ్గరా జవాబు ఉండదు.

అందుకు పెద్ద టెక్నాలజీ అక్కర్లేదు. మేస్త్రీ ఇచ్చే అడ్వాన్సు ఒక పుస్తకంలో రాసి, ఒక కాపీ కూలీ చేతిలో పెట్టాలి. కూలి ఎంత, బాకీ ఎంత, మానేయదలిస్తే ఏం చేయాలి అన్నది అందులో ఉండాలి. ఆదోని వైపు ఊళ్ళలో సీజనల్ హాస్టళ్ళు కూలీలు బస్సెక్కే రోజుకు ముందే తెరుచుకోవాలి, సంక్రాంతి వెళ్ళాక కాదు. నరసరావుపేట కలెక్టరేట్ నుంచి ఒక ఉత్తర్వు, మిల్లు యజమానుల నుంచి ఒక షరతు, రైతు సంఘాల నుంచి ఒక ఒప్పుకోలు ఉంటే ఈ పని వచ్చే మిరప కోతలకే మొదలుపెట్టవచ్చు.